జల్‌పల్లి చిలుకలు: గుంపును చూసి మోసపోవద్దు

పొద్దు వాలే వేళ హైదరాబాద్ పాతబస్తీ అంచున ఉన్న జల్‌పల్లి చెరువు మీదుగా రామచిలుకలు ఇప్పటికీ పోతూనే ఉన్నాయి. పోట్లాడుకుంటున్నట్టు కీచుకీచుమని అరుస్తూ ఒక గుంపు, దాని వెనకే మరో గుంపు. ఆ అరుపులు చెవిన పడుతున్నంత కాలం చిలుకలకు ఆపద వచ్చిందంటే ఎవరూ నమ్మరు. ఈ హెచ్చరిక రాయాల్సి వచ్చింది సరిగ్గా అందుకే.

సంక్రాంతి వెళ్లింది. ఇక్కణ్నుంచి ఏప్రిల్ దాకా దక్కన్ పీఠభూమిలో రామచిలుకలు తొర్రల్లో గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లల్ని లేపే కాలం. ఆ పిల్లల్ని రెక్కలు రాకముందే తొర్రల్లోంచి లాగి సంతకు చేర్చే కాలమూ ఇదే. ఎండలు ముదిరేలోగా కరెంటు తీగల కింద కొమ్మలు కొట్టే పని, ప్లాట్లు చదును చేయడానికి చెట్లు పడగొట్టే పని కూడా ఈ నెలల్లోనే ఊపందుకుంటాయి. ఈ మూడు దెబ్బలూ వెళ్లి పడేది తొర్ర ఉన్న పాత చెట్టు మీదే. పది పన్నెండు వారాల్లో ఈ ఏటి సంగతి తేలిపోతుంది. ఆ తర్వాత ఎంత బాధపడినా మళ్లీ జనవరి దాకా చేయగలిగింది ఉండదు.

సాయంత్రపు గుంపులో మనకు కనిపించేవి ఎక్కువగా పెద్ద పక్షులు. బతికి బట్టకట్టిన చిలుకకు ఆయుష్షు ఎక్కువ; పంజరంలో ఇరవై ఏళ్లు దాటినవీ ఉంటాయి. అందువల్ల ఒక ఊళ్లో వరసగా రెండు మూడేళ్లు ఒక్క పిల్ల కూడా తొర్ర దాటి బయటికి రాకపోయినా గుంపు దాదాపు అలాగే ఎగురుతుంటుంది. నీరొచ్చే కాలువ పూడుకుపోయిన చెరువు కూడా అంతే, ఆ ఏడు నిండుగానే ఉంటుంది. కట్ట మీద నిలబడ్డవాడికి తేడా తెలియదు. కాగితం మీద ఒక లెక్క వేసి చూడండి. రెండు వందల చిలుకల గుంపు ఉందనుకుందాం. ముసలివై, జబ్బు చేసి, డేగ ఎత్తుకుపోయి, గాలిపటాల మాంజాకు చిక్కుకుని ఏటా పదో వంతు పోతాయనుకుందాం. కొత్తవి చేరకపోతే ఏడేళ్లు గడిచేసరికి వంద కూడా మిగలవు. మొదట్లో ఎవరికీ అనుమానం రాదు. ఎప్పుడో ఒకనాడు టీ కొట్టు దగ్గర ఎవరో అంటారు, ‘ఈమధ్య చిలుకలు తగ్గినట్టున్నాయి కదా’ అని. అప్పటికి మిగిలినవాటికి వయసు మళ్లి ఉంటుంది.

ఇంకో మాయ కూడా ఉంది. చిలుకలు పిల్లల్ని లేపేది జంటలు జంటలుగా, తొర్రల్లో. రాత్రి నిద్రపోయేది మాత్రం వందల కొద్దీ కలిసి, ఒకే చోట ఉన్న నాలుగైదు చెట్ల మీద. చుట్టుపక్కల ఊళ్ల చిలుకలన్నీ చీకటి పడేసరికి అక్కడికే చేరతాయి. బాలాపూర్ వైపో, మామిడిపల్లి వైపో అలాంటి చెట్టు ఒకటి కూలిందనుకోండి, దాని మీద పడుకునే చిలుకలు వచ్చి మన చెట్టు మీద వాలతాయి. మన గుంపు పెద్దదవుతుంది. చిలుకలు పెరుగుతున్నాయని సంతోషిస్తాం. నిజానికి అవి నిలువనీడ లేక వచ్చినవి. ఊరి చివరి పెద్ద చెట్టు మీద గుంపు ఎంత పెద్దదైతే చుట్టుపక్కల అంతగా చెట్లు పోయాయేమోనని అనుమానించాలి.

ఎక్కువగా ఉన్న పక్షి చెప్పకుండా మాయమవదని మనకో నమ్మకం. రాబందులు ఆ నమ్మకాన్ని మన కళ్ల ముందే చెరిపేశాయి. ఊరి బయట పశువు చచ్చిపడితే ఆకాశం నిండిపోయేంత రాబందులు ఉండేవని ఏ పల్లెటూరి పెద్దను అడిగినా చెబుతారు. పశువులకు నొప్పి తగ్గడానికి వేసే డైక్లోఫెనాక్ మందు ఆ కళేబరాల ద్వారా వాటి ఒంట్లోకి చేరి మూత్రపిండాలను చెడగొట్టింది. 1990ల నుంచి పదిహేనేళ్లు తిరిగేసరికి తెల్లవీపు రాబందులు నూటికి తొంభై తొమ్మిదికి పైగా పోయాయి. పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించేసరికి పోవాల్సినవి పోయాయి. 2013లో ఇప్పటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో, పాలరాపు గుట్ట కొండచరియ మీద కొన్ని పొడుగుముక్కు రాబందుల గూళ్లు కనబడితే అదే పెద్ద వార్త అయింది. ఒకప్పటి మామూలు పక్షి కొన్ని గూళ్లుగా మిగలడం వార్త అయ్యే స్థితి చిలుకకు రాకూడదు.

చిలుకల్లోనే ఉదాహరణ కావాలంటే అమెరికాకు పోవాలి. ఆ దేశపు తూర్పు భాగంలో, సముద్రతీరం దాకా, కరోలినా చిలుక అనే పచ్చటి పక్షి గుంపులు గుంపులుగా ఉండేది. పండ్ల తోటలు పాడు చేస్తోందని రైతులు కాల్చారు. టోపీల మీద ఈకల కోసం వేటగాళ్లు కాల్చారు. అడవులు నరికారు. ఈ చిలుకలకు ఒక గుణం ఉండేది: ఒకటి కిందపడితే మిగతావి పారిపోకుండా దాని చుట్టూనే అరుస్తూ తిరిగేవి. గుంపు మొత్తం ఒకే చోట చచ్చేది. సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో బోనులో ఉన్న చివరి చిలుక 1918 ఫిబ్రవరి 21న పోయింది. దాని పేరు ఇంకాస్.

రామచిలుక కథ అంతదాకా రాలేదు. ప్రపంచ స్థాయి జాబితాల్లో అది ఆపదలో ఉన్న పక్షి కాదు. అంతేకాదు, పెంపుడు పక్షిగా ఓడలెక్కి వెళ్లినది తప్పించుకుని లండన్ పార్కుల్లో, ఆమ్‌స్టర్‌డామ్ చెట్లలో వేల సంఖ్యలో పెరిగింది. 1974లో బ్రస్సెల్స్‌లోని ఒక వినోద పార్కు వాళ్లు నగరానికి రంగు తెస్తాయని కొన్ని పదుల చిలుకల్ని వదిలితే ఇప్పుడు వాటి సంతతి ఆ ఊరినంతా ఏలుతోంది. ఇది విని ‘మరింకేం, వాటికేం కాదు’ అనుకునేవారుంటారు. లండన్‌లో ఎన్ని ఉన్నా జల్‌పల్లికి ఒరిగేదేమీ లేదు. పక్షులు ఖండాల లెక్కన మాయం కావు. ఊళ్ల లెక్కన, చెట్ల లెక్కన మాయమవుతాయి. ప్రపంచంలో భద్రంగా ఉన్న పక్షి మన వార్డులో లేకపోవడానికి అడ్డేమీ లేదు. పైగా భుజం మీద ఎర్రమచ్చ ఉండే పెద్ద చిలుక, మన పాతబస్తీ వాళ్లు పహాడీ తోతా అనేది, ఇప్పటికే ఆపద అంచుకు చేరిన పక్షుల జాబితాలో ఉంది. అది ఎక్కువ మాటలు నేర్చుకుంటుందని పేరు. ఆ పేరే దాని ప్రాణం మీదికి తెచ్చింది.

జల్‌పల్లి సంగతికి వద్దాం. చాంద్రాయణగుట్ట దాటి షాహీన్‌నగర్, పహాడీషరీఫ్ మీదుగా శ్రీశైలం రోడ్డు పట్టుకుంటే పాతబస్తీ అంచు వెనక్కి జరుగుతూ జరుగుతూ ఇక్కడిదాకా వచ్చింది. 2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరిచాక ఈ దారి భూములకు రెక్కలొచ్చాయి. 2016లో ఊరు మున్సిపాలిటీ అయింది. గుట్టలు పగిలాయి, పొలాలు ప్లాట్లయ్యాయి, రోడ్డు వెంట తుక్కు గోదాములు లేచాయి. ఇంత జరిగినా ఇక్కడ చిలుకలు మిగిలాయంటే మూడు కారణాలు: ఒకటి చెరువు, రెండు బాబా షర్ఫుద్దీన్ దర్గా ఉన్న గుట్ట చుట్టూ, పాత శ్మశానాల్లో, గుళ్ల దగ్గర ఎవరూ గొడ్డలి పెట్టని చెట్లు, మూడు అక్కడక్కడా ఇంకా మిగిలిన తాటి, వేప, చింత, రావి. చిలుకను కాపాడిందని వీటిలో ఏ ఒక్కదానికీ మనం దండ వేయలేదు. కనీసం వాటి జాబితా కూడా మన దగ్గర లేదు.

ఇక్కడ తొర్ర గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే కథంతా దాని మీదే ఆధారపడి ఉంది. చిలుక ముక్కు గింజ పగలగొట్టడానికి గట్టిది కానీ పచ్చి చెక్కలో గూడు తొలిచేందుకు పనికిరాదు. వడ్రంగి పిట్ట, కంసాలి పిట్ట తొలిచి వదిలేసిన రంధ్రాన్ని కొంచెం వెడల్పు చేసుకుంటుంది. లేదా కొమ్మ విరిగిన చోట పుచ్చి ఏర్పడ్డ బోలులో దూరుతుంది. తలలేని తాటి మొద్దు దానికి మేడ. కోటగోడల్లో, పాత కట్టడాల్లో రాళ్ల మధ్య సందులు కూడా పనికొస్తాయి. ఇలాంటి బోలు ఏర్పడాలంటే చెట్టుకు వయసు రావాలి, కొంత పుచ్చాలి, ఇంకో పిట్ట వచ్చి పని చేసిపెట్టాలి. దశాబ్దాల వ్యవహారం. తొర్ర దొరికాక కూడా గోరింకతో పేచీ ఉంటుంది. ఆ గొడవ గెలిచిన జంట మామూలుగా నాలుగు గుడ్ల దాకా పెడుతుంది. మూడు వారాల పైచిలుకు పొదుగుతుంది. పొదిగాక పిల్ల ఎగరడానికి ఇంకో ఆరేడు వారాలు. ఫిబ్రవరిలో గుడ్డు పెడితే ఏప్రిల్ చివర దాకా ఆ తొర్ర క్షేమంగా ఉండాలన్న మాట.

మన శాఖల లెక్కలో మాత్రం పుచ్చిన చెట్టు ప్రమాదకరమైన చెట్టు, ఎండిన మొద్దు వృథా మొద్దు. కరెంటు వాళ్లు, పారిశుధ్యం వాళ్లు మొదట కొట్టేది వాటినే. గాలివానకు పడి మనిషి చావకూడదు, నిజమే. ఆ బాధ్యతను ఎవరూ కాదనరు. కానీ ఇల్లు, బాట, తీగ ఏదీ లేని చోట, చెరువు కట్ట మీద, శ్మశానం లోపల నిలబడిన ఎండు తాటిని కొట్టాల్సిన అవసరం ఏమిటి? ఒకవేళ కొట్టక తప్పదంటే జూన్ దాకా ఆగితే ఏం పోతుంది?

నరికినదానికి బదులు నాటుతున్నాం కదా అంటారు. 2015లో చిలుకూరులో మొదలుపెట్టి హరితహారం కింద రాష్ట్రమంతా మొక్కలు నాటాం. మంచిదే. కానీ ఆ మొక్కల్లో తొర్రలుండవు, ఇప్పట్లో ఉండబోవు. రోడ్డు మధ్యలో గోడలా పెంచిన కోనోకార్పస్ చిలుకకు తిండీ పెట్టదు, చోటూ ఇవ్వదు. ‘ఒక చెట్టుకు పది మొక్కలు’ అనే కాగితపు లెక్కలో ఒక తొర్రకు సమానమైన అంకె ఎక్కడా లేదు. సముద్రం ఒడ్డున ఉన్న విశాఖపట్నం ఈ సంగతిని ఒక్క రోజులో నేర్చుకుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఆ ఊరి పెద్ద చెట్లను వేర్లతో సహా పెకలించి పడేసింది. ఆ తర్వాత విశాఖ పట్టుదలగా మొక్కలు నాటి పచ్చదనం చాలావరకు తిరిగి తెచ్చుకుంది. పచ్చదనం ఐదేళ్లకు వస్తుంది, తొర్ర రాదు. అక్కడ అది ప్రకృతి చేసిన పని. ఇక్కడ మనం చేసుకుంటున్నది.

హైదరాబాద్ వాళ్లకు చెట్టు విలువ తెలియదని అనడానికి లేదు. చేవెళ్ల రోడ్డు మీద తొమ్మిది వందల దాకా ఉన్న మర్రిచెట్ల కోసం పౌరులు జాతీయ హరిత ట్రిబ్యునల్ మెట్లెక్కారు. 2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలో, సెంట్రల్ యూనివర్సిటీ పక్కన నాలుగు వందల ఎకరాల్లో యంత్రాలు దిగినప్పుడు విద్యార్థులు లాఠీలకు ఎదురు నిలిచారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు స్టే ఇచ్చేసరికి దాదాపు వంద ఎకరాల చెట్లు నేలకూలాయి. నెలలు గమనించండి: మార్చి, ఏప్రిల్. తొర్రల్లో పిల్లలుండే నెలలు. గచ్చిబౌలికి కెమెరాలు వచ్చాయి. జల్‌పల్లి ప్లాటులో ఒక్క వేపచెట్టు పడితే ఏ కెమెరా రాదు. తెలంగాణలో చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలన్న సంగతి ప్లాటు కొన్నవాడికీ తెలియదు, పొక్లెయిన్ నడిపేవాడికీ తెలియదు.

చెట్టు తర్వాత సంత. చార్మినార్ పక్కన మహబూబ్ చౌక్‌లో ముర్గీ చౌక్ ఉంది. కోళ్లు, పావురాలు, రంగురంగుల విదేశీ పిట్టలు అమ్మే పాత బజారు. అక్కడ అటవీ శాఖ దాడులు చేసి చిలుకలను, మునియాలను స్వాధీనం చేసుకున్న సందర్భాలు ఉన్నాయి. దాడి జరిగిన నాలుగు రోజులు సరుకు లోపలి గదుల్లోకి పోతుంది, ఆ తర్వాత మళ్లీ గొంతు తగ్గించి బేరాలు మొదలవుతాయి. ఇప్పుడు ఫోనులోనే బేరం కుదిరిపోతోంది కాబట్టి బజారు దాకా రావాల్సిన పని కూడా లేదు. మన దేశపు అడవి పక్షుల వ్యాపారాన్ని 1990-91లోనే పూర్తిగా నిషేధించారు. అయినా ఆ దశాబ్దంలో అబ్రార్ అహ్మద్ అనే పక్షి పరిశోధకుడు దేశంలోని బజార్లు తిరిగి చూస్తే సుమారు 1300 భారతీయ పక్షి జాతుల్లో 450 దాకా అమ్మకంలో కనబడ్డాయి.

పిల్లల్ని తీసే పద్ధతి తెలిస్తే నష్టం ఎంతో అర్థమవుతుంది. ఎదిగిన చిలుక మాటలు నేర్చుకోదు, చేతికి మచ్చిక కాదు. అందుకే ఈకలు రాని పిల్ల కావాలి. తొర్ర మూతి చిన్నది, చెయ్యి పట్టదు. ఉలితో వెడల్పు చేస్తారు, లేదంటే కొమ్మనే కోసేస్తారు. ఆ ఏటి పిల్లలు పోవడమే కాదు, మరుసటి ఏడు ఇంకో జంట ఉండాల్సిన ఇల్లు కూడా పోతుంది. గంపల్లో కుక్కి తీసుకొచ్చే దారిలో ఆకలితో, వేడికి చచ్చినవి ఎవరి లెక్కలోకీ రావు. మన ఇంట్లో ‘మిట్టూ’ అని పిలిస్తే పలికే ఒక్క పిల్ల వెనక ఇదంతా ఉంది.

చట్టం ఏమంటుందో ఇక్కడ స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది నిజంగానే తెలియక చేస్తున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రామచిలుక రక్షిత పక్షి. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక అది రెండో షెడ్యూల్‌లో ఉంది. దాన్ని పట్టడం, కొనడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. వేట అంటే తుపాకీయే అనుకుంటాం. ఉచ్చు వేయడం, పట్టుకోవడం, గూళ్లను గుడ్లను చెదరగొట్టడం కూడా ఆ చట్టంలో వేటే. శిక్ష మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ‘మేం కొనలేదు, ఎవరో ఇచ్చారు’ అన్న మాట చెల్లదు. జోస్యం చెప్పే చిలుకకూ ఇదే చట్టం. బడ్జీలు, కాక్‌టీల్స్ వంటి విదేశీ పిట్టల సంగతి వేరు. వాటిని చూపించి దుకాణదారు ‘పక్షులు పెంచుకోవచ్చు సార్’ అంటే మన పచ్చ చిలుకకు అది వర్తిస్తుందని అనుకోవద్దు.

మేం దాన్ని ప్రేమగా చూసుకుంటున్నాం కదా అనే జవాబు ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. ప్రేమ ఉందనడంలో సందేహం లేదు. జామపండు కోసి పెడతారు, మాటలు నేర్పుతారు, దానికి జలుబు చేస్తే ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. గోల్కొండ చెరసాలలో భక్త రామదాసు పన్నెండేళ్లు మగ్గడానికి కారణం పూర్వజన్మలో ఒక చిలుకను పన్నెండు రోజులు పంజరంలో పెట్టడమేనని మన పెద్దలు చెప్పుకున్న కథ ఒకటుంది. చరిత్ర దృష్టితో చూస్తే జైలుకు కారణం పన్ను డబ్బు వ్యవహారం. కానీ ఈ ఊరి కోటను చూసి ఈ ఊరి జనం ఆ కథనే ఎందుకు గుర్తుపెట్టుకున్నారో ఆలోచించదగ్గదే. ప్రేమగా పెట్టినా పంజరం పంజరమేనని వాళ్లకు తెలుసు.

ఆరోగ్యం మాట కూడా ఉంది. భయపెట్టడానికి చెప్పడం లేదు, తెలిసి ఉండాలని. క్లమిడియా సిట్టసీ అనే బ్యాక్టీరియా చిలుకల రెట్టల్లో, ఎండిపోయి గాలికి లేచే పొడిలో ఉండి మనుషులకు సోకుతుంది. జ్వరం, తలనొప్పి, పొడిదగ్గు, ముదిరితే న్యుమోనియా. 1929-30లో దక్షిణ అమెరికా నుంచి ఓడల్లో వచ్చిన పెంపుడు చిలుకల వల్ల ఈ జబ్బు అనేక దేశాలకు పాకింది. 2024 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ దేశాల్లో ఈ కేసులు పెరిగాయని, ఐదుగురు చనిపోయారని ప్రకటించింది. మందులతో తగ్గే జబ్బే ఇది, సమయానికి గుర్తిస్తే. ఇంట్లో చిలుక ఉండి ఎవరికైనా తగ్గని దగ్గు, జ్వరం వస్తే డాక్టరుకు ఆ సంగతి దాచకుండా చెప్పండి. చట్టానికి భయపడి డాక్టరు దగ్గర నోరు మెదపకపోవడం అన్నిటికంటే ప్రమాదం. గంపలో కుక్కి తెచ్చిన, నీరసించిన పిల్ల చిలుక ఈ జబ్బు మోసుకొచ్చే అవకాశం ఎక్కువని వేరే చెప్పక్కర్లేదు.

ఇది చదివి ఎవరైనా ఇవాళే పంజరం తలుపు తీసి చిలుకను ఎగరేద్దామనుకుంటే, దయచేసి ఆ పని చేయకండి. రెక్క ఈకలు కత్తిరించిన చిలుక ఎగరలేదు. ఆ కత్తిరించిన ఈకలు రాలి కొత్తవి వచ్చేదాకా నెలలు పడుతుంది. పుట్టిన నాటి నుంచి గిన్నెలో తిన్నది బయట గింజ వెతుక్కోలేదు. పిల్లికి, కాకికి, డేగకు పది నిమిషాల పని. అటవీ శాఖ రేంజ్ కార్యాలయానికి గానీ, బహదూర్‌పురాలోని నెహ్రూ జంతుప్రదర్శనశాల అధికారులకు గానీ చెప్పి, ఎలా అప్పగించాలో అడగండి. అటవీ శాఖకు కూడా ఒక విన్నపం: తెచ్చి ఇచ్చినవాడి మీద ఆ పూటే కేసు పెడితే రేపటి నుంచి ఒక్కరూ రారు. అప్పగించడానికి గడువు ఒకటి ప్రకటించి, ఆ తర్వాత కఠినంగా ఉండండి. కఠినత్వం మొదట పడాల్సింది అమ్మేవాళ్ల మీద, తెప్పించే దళారుల మీద. చెట్టెక్కి తొర్రలో చెయ్యి పెట్టే పేదవాడికి ముట్టేది ఆ అమ్మకపు డబ్బులో అతి తక్కువ.

రైతుల గోడు వినకుండా పోకూడదు. రంగారెడ్డి జిల్లాలో జొన్న, మొక్కజొన్న, పొద్దుతిరుగుడు, జామ వేసినవాళ్లకు చిలుక చెడ్డ చుట్టం. తినేది ఒకటైతే కొరికి పడేసేది నాలుగు. మంచె ఎక్కి వడిసెల తిప్పిన తరానికి ఇది బాగా తెలుసు. వల కప్పడం, శబ్దం చేయడం, చేను గట్టున కాపలా ఉండటం దాకా ఎవరూ తప్పుపట్టరు. విషం పెట్టడం, పట్టి అమ్మడం వేరు. జల్‌పల్లి చుట్టుపక్కల చేలే తగ్గిపోయాయి కాబట్టి ఇక్కడ ఈ గొడవ ఇప్పుడు పెద్దది కాదు. ఆ మాటకొస్తే తిండి తగ్గడమే చిలుకకు కొత్త ఇబ్బంది.

మాంజా గురించి ఒక్క మాట. గాజుపొడి పూసిన నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జూలైలో దేశమంతటా నిషేధించింది. అయినా ప్రతి సంక్రాంతికీ ధూల్‌పేట నుంచి మన గల్లీ దాకా అది దొరుకుతూనే ఉంది. పండగ అయిపోయినా దారాలు చెట్లకు వేలాడుతూ నెలల తరబడి ఉంటాయి. నైలాన్ కుళ్లదు. గూటికి తిండి మోసుకెళ్లే తల్లి చిలుక అందులో చిక్కుకుంటే ఒక ప్రాణం కాదు పోయేది, తొర్రలో ఉన్న పిల్లలు కూడా. గాలిపటాలు ఎగరేసిన పిల్లలే ఈ వారం వెదురు కర్రకు కొక్కెం కట్టుకుని తమ వీధి చెట్ల మీది దారాలు తీసేయొచ్చు. తీగలున్న చోట మాత్రం వద్దు.

ఇప్పుడు ఏం చేయాలి అన్నదానికి వస్తే, మొదటి పని చూడటం. నైజాం రాజ్యంలో పక్షుల సర్వే కోసం 1931-32లో సలీం అలీ ఈ నేలంతా తిరిగాడు. హైదరాబాద్‌లో 1980 నుంచి పక్షి ప్రేమికుల సంఘం పనిచేస్తోంది, ఇప్పుడు దాని పేరు డెక్కన్ బర్డర్స్. 2025లో నగరాన్ని గడులుగా విభజించి పక్షులను నమోదు చేసే హైదరాబాద్ బర్డ్ అట్లాస్ మొదలైంది. ఇలాంటి పనుల్లో పాతబస్తీ దక్షిణపు అంచు పిల్లలు కూడా ఉండాలి. జల్‌పల్లి బడుల సైన్సు టీచర్లకు ఇది ఖర్చు లేని ప్రాజెక్టు. గుంపును లెక్కపెట్టడం కాదు ముఖ్యం. గుంపులో పిల్లలెన్నో చూడాలి. మగ చిలుక మెడకు గులాబీ, నలుపు పట్టీ రావడానికి మూడేళ్లు పడుతుంది. ఆడదానికి ఆ పట్టీ ఉండదు కాబట్టి ఒక్క మెడను చూసి తేల్చలేం. ఈ ఏటి పిల్లకు తోక పొట్టిగా, ముక్కు పాలిపోయినట్టు ఉంటుంది. పెద్దవాటి పక్కన చేరి రెక్కలు ఆడిస్తూ తిండి కోసం మారాం చేస్తుంది. ఏప్రిల్ చివర, మే మొదట్లో అలాంటివి ఎన్ని కనిపిస్తాయో రాసుకోండి. ఎంత వెతికినా కనబడకపోతే గుంపు ఎంత పెద్దగా ఉన్నా ఆ వార్తను వెంటనే అటవీ శాఖకు చేర్చాలి.

రెండో పని తొర్రల జాబితా. మున్సిపల్ సిబ్బంది, కరెంటు లైన్‌మెన్, మసీదు కమిటీ, గుడి కమిటీ, శ్మశానాల ముతవల్లీలు కూర్చుంటే ఒక్క ఆదివారంలో అయిపోతుంది. ఎవరి ఆవరణలో ఏ చెట్టుకు తొర్ర ఉందో వాళ్లకే తెలుసు. ఆ చెట్లకు సున్నంతో ఒక గుర్తు పెట్టి, జూన్ దాకా గొడ్డలి, రంపం తాకకూడదని లిఖితపూర్వకంగా ఆదేశం ఇవ్వాలి. పాత గోడలకు మరమ్మతులు చేసే కాంట్రాక్టరు కూడా సందులు పూడ్చే ముందు లోపల ఏముందో చూడాలి. జుమ్మా నమాజు తర్వాత రెండు నిమిషాలు, శ్రీరామనవమి పందిట్లో రెండు నిమిషాలు ఈ సంగతి మైకులో చెప్పించాలి. నవమి వచ్చేది పిల్లలు తొర్రల్లో ఉండే రోజుల్లోనే.

కరెంటు తీగల కింద కొమ్మలు కొట్టే కార్యక్రమం మార్చి చివర మొదలవుతుంది. తొర్ర చెట్ల జాబితా ఆ లారీ బయలుదేరేలోగా లైన్‌మెన్ చేతిలో ఉండాలి. చెట్టు పక్కన నిచ్చెన వేసుకుని, సంచీ పట్టుకుని ఎవరైనా తొర్రలోకి చెయ్యి పెడుతూ కనబడితే గొడవకు దిగకండి. ఫొటో తీసి, 112కు ఫోన్ చేసి, చెట్టు ఎక్కడుందో చెప్పండి.